చిన్నబజారులో చేయించిన 16 జెర్సీలు, అందులో ఒక దెషాం

సాయంత్రాలు నేను నెల్లూరులో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. మా జట్టుకి 16 జెర్సీలు చిన్నబజారు సందులో ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ కొట్టులో చేయించాను. రెండు నెలలు వాడాక రాస్తున్నాను.

పేరు, నంబరు కలిపి ఒక్కోటి 320 రూపాయలు పడింది. బట్ట పలచన. మన ఎండకి ఎంత చెమట పట్టినా ఒంటికి అతుక్కోవడం లేదు. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతోంది. బట్ట విషయంలో ఈ ధరకి ఇంతకంటే అడగలేం.

పేర్ల దగ్గరే అసలు పంచాయితీ. తొమ్మిది మంది ఫ్రాన్స్ స్టార్ ఎంబాపే పేరు కావాలన్నారు. చివరికి చీటీలు వేశాం. మా కెప్టెన్‌కి మాత్రం నేనే పట్టుబట్టి దిదియే దెషాం పేరు, 7 నంబరు వేయించాను. 1998 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ కెప్టెన్‌గా ఆయన వేసుకున్న నంబరు అది.

కొట్టాయన ఆ పేరు ఎప్పుడూ వినలేదు. నేను ఫోన్‌లో పలికినట్టే ఇంగ్లీషులో కొట్టేశాడు. చివర పలకని పి, ఎస్ రెండూ ఎగిరిపోయాయి. నేను వెళ్లేసరికి ప్రింటు కూడా అయిపోయింది. చూపించగానే మారుమాట లేకుండా కొత్త బట్ట తీశాడు, పైసా ఎక్కువ అడగలేదు. జెర్సీని మెషీన్ కింద పరిచి, అక్షరాలు పేర్చి, పైన కాగితం వేసి మెషీన్ వేడి పళ్లెం దించాడు. పొగలాంటి ఆవిరి, కాలిన ప్లాస్టిక్ వాసన. చల్లారాక పైపొరని మూల నుంచి నెమ్మదిగా లాగితే తెల్లగా 7 తేలింది. “ఎవరు సార్ ఈయన, అంత గొప్పోడా?” అన్నాడు.

చెప్పాను. ఫ్రాన్స్‌కి 103 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 4 గోల్సే. డిఫెన్స్ ముందు నిలబడి బంతి లాక్కుని పక్కవాడికి ఇవ్వడమే ఆయన పని. అదే ఫ్రాన్స్ జట్టులో ఆడిన ఎరిక్ కాంటోనా ఆయన్ని నీళ్లు మోసేవాడు అని చులకన చేశాడు. వరి పండే ఊళ్లో పుట్టినవాణ్ణి, రాత్రిళ్లు పారతో మడికి నీళ్లు కట్టే మనిషి విలువ నాకు తెలుసు. ఆ మాట నాకు తిట్టులా అనిపించలేదు. ఆ నీళ్లు మోసేవాడే 1993లో మార్సెయ్ అనే ఫ్రెంచ్ క్లబ్ కెప్టెన్‌గా, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఎత్తాడు. 1998 ఫైనల్‌లో బ్రెజిల్ మీద 3-0. అందరికీ జట్టులోని జిదాన్ తలతో కొట్టిన రెండు గోల్సే గుర్తు, కప్పు అందుకున్న కెప్టెన్ మాత్రం దెషాం.

కోచ్‌గా ఆయన నాకు ఇంకా ఇష్టం. 2004లో మొనాకో క్లబ్‌ని ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లి ఓడిపోయాడు. కుంభకోణంలో ఇరుక్కుని రెండో డివిజన్‌కి పడిపోయిన ఇటలీ క్లబ్ యువెంటస్‌ని, పెద్ద ఆటగాళ్లు కొందరు వెళ్లిపోయినా, పాయింట్ల కోత ఉన్నా, ఒక్క సీజన్‌లో పైకి తెచ్చాడు. 2018లో ఫ్రాన్స్ కోచ్‌గా మాస్కోలో క్రొయేషియా మీద 4-2తో వరల్డ్ కప్. ఆటగాడిగానూ కోచ్‌గానూ ఆ కప్పు గెలిచినవాళ్లు అంతకుముందు బ్రెజిల్ జగాలో, జర్మనీ బెకెన్‌బావర్ ఇద్దరే. 2022లో మళ్లీ ఫైనల్, అర్జెంటీనా చేతిలో పెనాల్టీల్లో పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా కెప్టెన్ ఆడేది కూడా దెషాంలాగే డిఫెన్స్ ముందు. ఈ ఏడాది ఒక్క గోల్ కొట్టలేదు, వాడు రాని రోజు మేం గెలవలేదు. జెర్సీ ఇస్తే, “ఎంబాపే కాదా సార్?” అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. “ఎంబాపేని ఆడించేది ఈయనేరా” అన్నాను. ఇప్పుడు ప్రాక్టీసుకి కూడా అదే వేసుకొస్తున్నాడు.

లోపాలూ చెప్పాలి. గురువారం ఇస్తానని శనివారం రాత్రి ఇచ్చాడు. ఆదివారం పొద్దున మ్యాచ్ పెట్టుకుని ఆ రెండు రోజులూ ఒకటే టెన్షన్. ఒక జెర్సీకి 4 నంబరు అంచు లేచింది. మీడియం అన్నవి కాస్త బిగుతుగా వస్తాయి, ఎదిగే పిల్లలకి ఒక సైజు పెద్దది తీసుకోండి. పది రోజుల ముందే ఆర్డర్ ఇవ్వండి. పేర్లు ఫోన్‌లో చెప్పకండి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. గోల్‌కీపర్ల పొడుగు చేతుల జెర్సీలకి వచ్చే నెల నేను మళ్లీ ఆ కొట్టుకే వెళ్తున్నాను.