పాకిస్తానీ పెళ్లిళ్లకు ఏ చెప్పులు? కొన్నేళ్లు ఖుస్సా వాడాక నా మాట

బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి చుట్టుపక్కల లాహోర్, మీర్పూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరితో బాగా కలిసిపోయాం. వాళ్లింట్లో పెళ్లి అంటే ఒక పూట వెళ్లి అక్షింతలు వేసి వచ్చేది కాదు. ఢోల్కీ (డోలు పాటల సాయంత్రం), మాయూ (నలుగు), మెహందీ, నికాహ్ (పెళ్లి ఒప్పందం), బరాత్ (పెళ్లికొడుకు వాళ్లు ఊరేగింపుగా వచ్చే రోజు), వలీమా (పెళ్లికొడుకు వాళ్లిచ్చే విందు), అన్నింటికీ పిలుస్తారు. ఒక్కదానికి వెళ్లకపోయినా "ఏమైంది?" అని అడుగుతారు. బట్టల గురించి సలహాలు ఎన్నైనా దొరుకుతాయి కానీ చెప్పుల గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. మన పెళ్లిళ్లలో మండపం ఎక్కేముందు చెప్పులు విప్పేస్తాం. పట్టుచీర కింద ఏం వేసుకున్నామో ఎవరికీ పట్టదు. బరాత్ రోజు అలా కుదరదు. సాయంత్రం హాల్లో అడుగుపెట్టింది మొదలు రాత్రి రుఖ్సతీ, అంటే పెళ్లికూతురి అప్పగింతలు, అయ్యేదాకా చెప్పులు కాళ్లకే ఉంటాయి.

నేను ఎక్కువగా వాడింది ఖుస్సా. పాకిస్తాన్ పంజాబ్‌లో, ముఖ్యంగా ముల్తాన్, బహావల్‌పూర్ వైపు చేత్తో కుట్టే తోలు చెప్పు ఇది. కింద మడమ ఎత్తు ఉండదు, వెనక మూసి ఉంటుంది, ముందు కొన కాస్త పైకి తిరిగి ఉంటుంది. పైన బంగారు జరీతో తిల్లా పని, లేదంటే దబ్కా (చుట్టలు చుట్టిన సన్నటి లోహపు తీగతో కుట్టు), పూసలు, చమ్కీలు. అమృత్‌సర్, పటియాలాల జుత్తీ దీనికి తోబుట్టువు. హైదరాబాద్‌లో లాడ్ బజార్ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఈ ఆకారం కొత్తేమీ కాదు. నా జతను స్నేహితురాలి అమ్మగారు లాహోర్ ఇఛ్రా బజార్ నుంచి తెచ్చారు. తోలు రంగు, పైన మెరుపు తక్కువున్న పాత బంగారు తిల్లా. పసుపు షరారా మీదికీ, ముదురాకుపచ్చ అనార్కలీ మీదికీ అదే జత సరిపోయింది. ఒక్క జతే కొనేవాళ్లకు నేను ఈ రంగే చెబుతాను.

ముందు బాధ గురించి చెప్పాలి. కొత్త ఖుస్సా కరుస్తుంది. మడమ వెనక అంచు, చిటికెన వేలి పక్క, ఈ రెండు చోట్లా బొబ్బలు ఖాయం. సంప్రదాయంగా చేసే ఖుస్సాలో కుడి ఎడమ తేడా ఉండదు, రెండూ ఒకే ఆకారం. వేసుకునేకొద్దీ తోలు సాగి పాదానికి తగ్గట్టు మారుతుంది. అందుకే పెళ్లికి రెండు మూడు వారాల ముందే మందపాటి సాక్సుల మీద ఇంట్లో సాయంత్రాలు వేసుకుని తిరగాలి. మడమ అంచుకు లోపలివైపు ఆవనూనె కొద్దిగా రాసి రాత్రంతా వదిలేయమని ఆ స్నేహితురాలి అమ్మగారే చెప్పారు. బాగా పనిచేసింది. పైన మఖ్మల్ (వెల్వెట్) గుడ్డ ఉంటే నూనె దానికి తగలకుండా చూసుకోవాలి, ఆ మరక పోదు. కొనేటప్పుడు వేళ్లు ముడుచుకోకుండా, కానీ బిగుతుగా ఉండే సైజు తీసుకోండి. మొదటి రోజే హాయిగా ఉన్న ఖుస్సా నాలుగు పెళ్లిళ్లయ్యేసరికి వదులై, నడుస్తుంటే మడమ దగ్గర జారిపోతుంది.

సాగాక మాత్రం దీనంత సుఖం ఇంకో పెళ్లి చెప్పులో నాకు దొరకలేదు. మెహందీ రాత్రి లుడ్డీ ఆడతారు. మన బతుకమ్మలాగే గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ చప్పట్లు కొట్టాలి. హీల్స్ వేసుకున్నవాళ్లు రెండు చుట్లు తిరిగి కుర్చీలు వెతుక్కుంటారు. నేను పాట ఆగేదాకా తిరిగాను. అయితే పాదాలకు గోరింటాకు పెట్టించుకునేవాళ్లు ముందురోజే పెట్టించుకోవాలి. తడి గోరింటాకు మీద మూసి ఉన్న ఖుస్సా వేస్తే డిజైనూ పోతుంది, చెప్పు లోపలా పాడవుతుంది. మాయూలో పెళ్లికూతురికి నలుగు పెడతారు, ఉబ్టన్ అంటారు. పసుపూ నూనే అందరి మీదా పడతాయి. అక్కడికి పని తక్కువున్న మామూలు జత చాలు, ఎలాగూ విప్పి చాపల మీద కూర్చోవడమే. నికాహ్ మసీదులో అయితే తొడగడానికీ విప్పడానికీ ఖుస్సా ఎంత సులువో చెప్పక్కర్లేదు.

బరాత్, వలీమాల దగ్గరే నా అభిప్రాయం మారుతుంది. నేలను తాకే బరువైన లెహంగాను చాలామంది టైలర్లు హీల్స్ లెక్కతోనే కుడతారు. దాని కింద ఖుస్సా వేస్తే అంచు నేలకు రాసుకుంటుంది, మెట్ల మీద కాలికి అడ్డం పడుతుంది. అందుకే చెప్పులు ముందు కొని, అవి వేసుకునే టైలర్‌కు కొలత ఇవ్వండి. పెళ్లికూతురికైతే ఇది మరీ ముఖ్యం. హీల్స్ కావాలనుకుంటే సన్నటివి వద్దు, రెండంగుళాల ఎత్తుతో, మడమ వెడల్పుగా ఉన్నవి చూడండి. పచ్చికలో టెంట్ వేసిన చోట సన్నటి హీల్ మట్టిలో దిగబడుతుంది.

ఖుస్సాకు అసలు శత్రువు తడి. కింద అట్ట కూడా తోలే, కుట్టేది నూలుదారంతో. ఇక్కడ వానకు లోటు లేదు. పార్కింగ్ నుంచి హాలు దాకా ఒక్కసారి తడిస్తే అట్ట మెత్తబడి, ఆరాక వంకర పోతుంది. పాకిస్తాన్‌లో పెళ్లిళ్ల కాలం చలికాలమే, రాత్రి మంచుకు పచ్చిక తడిగా ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే సమస్య. నేను కారులోంచి మామూలు బూట్లతో దిగి, గుమ్మం దగ్గర ఖుస్సా తొడుక్కుంటాను. నున్నటి గచ్చు మీద కొత్త తోలు అట్ట జారుతుంది కూడా. చెప్పులు కుట్టే అతనితో కింద పలుచటి రబ్బరు షీటు అతికించాను. జారడం ఆగింది, అట్ట అరుగుదలా తగ్గింది.

ఇన్నేళ్లలో పోయినవి కొనదగ్గర కొన్ని పూసలు, ఒక పక్క కుట్టు. కుట్టు మళ్లీ వేయించాను. తిల్లా కొద్దిగా నల్లబడింది. ప్లాస్టిక్ కవరులో దాస్తే ఇంకా త్వరగా నల్లబడుతుంది, నూలు గుడ్డలో చుట్టి, లోపల కాగితం కుక్కి పెట్టాలి. దీనికి పోటీగా ఇక్కడి ఒక దుకాణంలో కొన్న రెక్సిన్ జత, మెషిన్ ఎంబ్రాయిడరీది, చూడ్డానికి ఇంకా మెరిసేది. ఒక్క పెళ్లి సీజన్‌లోనే జిగురు ఊడి అట్ట విడిపోయింది. రెక్సిన్ సాగదు కాబట్టి కరవడం కూడా మానలేదు. కొనేముందు లోపల తోలు వాసన వస్తుందో లేదో చూడండి, అంచున కుట్టు కనిపిస్తుందో లేదో చూడండి. కుట్టు లేకుండా జిగురుతో అతికించి ఉంటే వదిలేయండి.

మగవాళ్ల సంగతి కొంత సులువు. మా ఆయన సల్వార్ కమీజ్, వెయిస్ట్‌కోట్ మీదికి పెషావరీ చప్పల్ వేసుకుంటారు. రెండు వెడల్పాటి తోలు పట్టీలు అడ్డంగా కలుస్తాయి, వెనక బకిల్. కింద చాలావాటికి టైర్ రబ్బరు ఉంటుంది కాబట్టి వానా తడీ లెక్కలేదు. బరువు ఎక్కువే, కానీ అంత గట్టి చెప్పు మా ఇంట్లో ఇంకోటి లేదు. షేర్వాణీ మీదికి మాత్రం ఖుస్సానే అందం. పెళ్లికొడుక్కి ఒక సలహా: మరదళ్లు జూతా ఛుపాయీ (పెళ్లికొడుకు చెప్పులు దాచి, డబ్బిస్తేనే తిరిగిచ్చే ఆట) కోసం కాచుకుని ఉంటారు, ఖుస్సాకు లేసులూ బకిళ్లూ ఉండవు, క్షణంలో మాయమవుతుంది. బేరం తేలేదాకా ఒట్టి కాళ్లతో ఉండకూడదనుకుంటే రెండో జత స్నేహితుడి కారులో పెట్టించుకోవాలి.

వెడల్పు పాదాలున్నవాళ్లు, మడమ నొప్పితో మెత్తటి సపోర్టు కావలసినవాళ్లు పాతరకం ఖుస్సా తీసుకోకండి. లోపల ఫోమ్ వేసినవి ఇప్పుడు వస్తున్నాయి, అవి చూడండి. మిగతావాళ్లకు మెహందీకీ నికాహ్‌కీ ధైర్యంగా చెబుతాను. వచ్చే పెళ్లికి నేను పిస్తా రంగుది ఒకటి తెప్పిస్తున్నాను, పూసలు లేకుండా, ఒట్టి తిల్లా పనితో.