9 నెలల పాపతో ప్రశాంతంగా తిన్న భోజనం

పరాయి దేశంలో ఉంటున్నాం, ఓ గంట పాపను ఎత్తుకోవడానికి అమ్మమ్మో నానమ్మో దగ్గర లేరు కాబట్టి బయట తినాలంటే పాపతోనే వెళ్లాలి, ఎక్కడ ఏడుస్తుందో, పక్క టేబుల్ వాళ్లు ఎలా చూస్తారో అని బయల్దేరే ముందే టెన్షన్. ఈ రెస్టారెంట్‌లో ఆ టెన్షన్ గుమ్మం దగ్గరే సగం పోయింది. స్ట్రోలర్ చూడగానే వంటగది తలుపుకి దూరంగా గోడ పక్క టేబుల్ ఇచ్చారు, హై చైర్ మా ముందే తుడిచి బెల్టు సరిగ్గా బిగించారు.

మాకు అక్కడి భాష అంతంతమాత్రమే. అయినా వడ్డించే అమ్మాయి విసుక్కోకుండా ప్రతి ఐటమ్‌లో ఏముందో ఓపిగ్గా చెప్పింది. ఒకదాంట్లో తేనె ఉందని, పాపకు పెట్టొద్దని తనే హెచ్చరించింది. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బాట్యులిజం (కండరాలు చచ్చుబడేలా చేసే అరుదైన, తీవ్రమైన జబ్బు) వచ్చే ప్రమాదం ఉంది, అది గుర్తుపెట్టుకుని చెప్పడం నాకు చాలా నచ్చింది. పాలు వెచ్చబెట్టమంటే మైక్రోవేవ్‌లో పెట్టలేదు (అందులో పాలు అక్కడక్కడా మరీ వేడెక్కి నోరు కాలొచ్చు), గిన్నెలో వేడినీళ్లు తెచ్చి సీసా అందులో ఉంచారు.

పాప చెంచా నాలుగుసార్లు కింద పడేసింది, నాలుగుసార్లూ అడక్కుండానే కొత్తది వచ్చింది.

రుచి బాగుంది. ఒక్కటే లోటు, డైపర్ మార్చే బల్ల ఆడవాళ్ల టాయిలెట్‌లోనే ఉంది, దాంతో మా ఆయన సాయం చేయలేకపోయారు. ఆ మాట మేనేజర్‌కి చెప్తే రాసుకున్నారు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం.