10:40 అపాయింట్‌మెంట్, 1:50కి పిలుపు

డాక్టర్‌కి 5 స్టార్లు, ఆమె దాకా చేరుకునే పద్ధతికి 1. రెండూ కలిపి 3 వేస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు కాబట్టి విడివిడిగా రాస్తున్నా.

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. సూర్యాపేటలో చూసిన డాక్టర్ గారు రుమటాలజిస్ట్‌కి, అంటే కీళ్లవాతం చూసే స్పెషలిస్ట్‌కి చూపించమని రాసిస్తే హైదరాబాద్‌లో ఈ ప్రైవేట్ హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. మేడం వారంలో మూడు రోజులే ఓపీ చూస్తారట, దొరికిన మొదటి తేదీ 16 రోజుల తర్వాత. దానికి నేనేమీ అనను, ఎముకల డాక్టర్లు దొరికినంత తేలిగ్గా ఈ డాక్టర్లు దొరకరు. నా గొడవంతా వెళ్లిన రోజు గురించే.

బస్సుకి మహాలక్ష్మి పుణ్యమా అని ఇద్దరికీ జీరో టికెట్. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి 10 కల్లా కౌంటర్ ముందున్నాం. మెసేజ్‌లో టైం 10:40. తీరా చూస్తే ఆ 10:40కి విలువే లేదు, ఎవరు ముందు బిల్లు కడితే వాళ్లకే ముందు టోకెన్. మాది 23. పక్కన కూర్చున్న కోదాడ ఆయనకీ 10:40యే, ఆయన వెనకాల ఆమెకీ 10:40యే, ముగ్గురం ఫోన్లు ఒకరికొకరం చూపించుకుని నవ్వుకున్నాం. గవర్నమెంట్ దవాఖానాల్లో ఆభా అనే ప్రభుత్వ హెల్త్ ఐడీతో క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి 2022లోనే మొదలైంది, ఇంత ఫీజు తీసుకునే చోట మాత్రం ఇంకా బిల్లు లైనే. మేడం రౌండ్స్ ముగించుకుని వచ్చేసరికి 11:30. ఆ తర్వాత "ఒక్క రిపోర్ట్ చూపించి వచ్చేస్తా" అంటూ మధ్యలో దూరేవాళ్లు, బ్యాగులతో మెడికల్ రెప్‌లు. సిస్టర్ మాత్రం ఏం చేస్తుంది పాపం, అడిగిన ప్రతివాళ్లకీ "నెక్స్ట్ మీరే" అంటోంది.

ఈ జబ్బున్నవాళ్లు కదలకుండా కూర్చుంటే కీళ్లు బిగుసుకుపోతాయి. అలాంటివాళ్లనే తెచ్చి గంటల తరబడి స్టీలు కుర్చీల్లో కూర్చోబెడతారు. పిలిచినప్పుడు లేకపోతే టోకెన్ పోతుందని అమ్మ బాత్రూంకి కూడా వెళ్లలేదు. 1:50కి పిలిస్తే కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడింది, మూడోసారి నేను లేపాను. లోపల మేడం "పొద్దున లేచాక ఎంతసేపు బిగుతుగా ఉంటుందమ్మా?" అని అడిగితే "మీ బయట కుర్చీలో కూర్చున్నంతసేపు" అంది అమ్మ. మేడం నవ్వేసి సారీ చెప్పారు.

చూడటం మాత్రం బాగా చూశారు. తొందరపడకుండా ఒక్కో వేలి కణుపూ నొక్కి చూశారు. ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టే ముందు లివర్, హెపటైటిస్ టెస్టులు చేయించాలని, రిపోర్టులు తీసుకుని రమ్మని చెప్పారు.

అసలు మెలిక ఇక్కడుంది. ఫీజు 900, 7 రోజుల్లోపు వస్తే రివ్యూ ఫ్రీ. మేడం తర్వాతి ఖాళీ స్లాట్ 12వ రోజు! మీ దగ్గరే ఖాళీ లేకపోతే మేమెలా వస్తామంటే కౌంటర్ అబ్బాయి తలెత్తకుండా "సిస్టంలో అంతే మేడం" అన్నాడు. మళ్లీ 900 కట్టాం.

రెండోసారి మెసేజ్‌లో టైం పట్టించుకోలేదు. తెల్లారకముందే బస్సెక్కి 8:15కి బిల్లు కట్టాం, టోకెన్ 4. మధ్యలో అమ్మని వరండాలో అటూ ఇటూ నడిపిస్తూనే ఉన్నాను. మేడం ఆ మాత్ర రాసి, వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రమాదం అని రెండుసార్లు చెప్పి, చీటీ మీద "ఆదివారం" అని రాసి చుట్టూ గీత గీశారు. 12:20కి బయటపడ్డాం.

మూడు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మెసేజ్ వచ్చేసింది, టైం 10:40 అట. మేం 8కే వెళ్తున్నాం.