ఉత్తమ చిత్రం ‘రోమా’యే కావలసింది

2019 ఫిబ్రవరి 24న జరిగిన 91వ ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రం పురస్కారం ‘గ్రీన్ బుక్’కు దక్కింది. ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ ఛాయాగ్రహణం, ఉత్తమ విదేశీ భాషా చిత్రం అవార్డులు గెలుచుకున్న ‘రోమా’కు అసలైన ఆ ఒక్కటి రాలేదు. ‘బ్లాక్ పాంథర్’, ‘ద ఫేవరెట్’, ‘బొహీమియన్ రాప్సొడీ’ వంటివి కలిపి పోటీలో మొత్తం ఎనిమిది చిత్రాలు ఉన్నా, వాదన ఎక్కువగా సాగింది ఈ రెండింటి మీదే. ఇటీవల రెండింటినీ ఒకదాని వెంట ఒకటి మళ్లీ చూశాను. ఆ ఏటి పురస్కారం ‘రోమా’కు చెందవలసిందన్న నా అభిప్రాయం చూసిన తరువాత మరింత గట్టిపడింది.

రెండు చిత్రాలూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయన్న సంగతి ఇలా వరుసగా చూస్తే గాని అంత స్పష్టంగా పట్టుబడదు. జీతం ఇచ్చే మనిషికీ పుచ్చుకునే మనిషికీ మధ్య ఆప్యాయత ఎంతవరకు పెరుగుతుంది, పెరిగినది ఎక్కడికి వచ్చి ఆగిపోతుంది అన్నదే ఆ విషయం. ఒక చిత్రంలో యజమాని నల్లజాతి విద్వాంసుడు, పనివాడు తెల్లవాడు. రెండవ దానిలో యజమానులు మెక్సికో నగరపు మధ్యతరగతి కుటుంబం, పనిమనిషి మిష్టెక్ అనే మూలవాసి తెగకు చెందిన యువతి.

పీటర్ ఫారెల్లీ దర్శకత్వం వహించిన ‘గ్రీన్ బుక్’ చెడ్డ చిత్రమని నేను అనను. 1962లో పియానో విద్వాంసుడు డాన్ షర్లీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కచేరీలకు బయలుదేరుతూ, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు చెందిన టోనీ లిప్‌ను డ్రైవరుగా, ఆపద వస్తే అడ్డుపడే మనిషిగా కుదుర్చుకుంటాడు. బట్టలు సర్దడం, బూట్లు తుడవడం తన పని కాదనీ, వారానికి 125 డాలర్లు ఇస్తేనే వస్తాననీ టోనీ ముఖం మీదే చెప్పే సన్నివేశం చాలా బాగుంటుంది. మహర్షలా అలీ నటనకు వచ్చిన ఉత్తమ సహాయ నటుడి అవార్డులో వంక పెట్టవలసింది ఏమీ లేదు. నిటారుగా కూర్చునే ఆ తీరులోనే షర్లీ ఒంటరితనమంతా కనిపిస్తుంది. దక్షిణాదిలో ఒకచోట కారు ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. పక్క పొలంలోని నల్లజాతి కూలీలు పని ఆపి, కారు దగ్గర సూటులో నిలబడ్డ షర్లీని మౌనంగా చూస్తారు. షర్లీ వాళ్లను చూస్తాడు. ఎవరూ మాట్లాడరు. మొత్తం చిత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే, కానీ చిత్రం అక్కడ కొద్ది క్షణాలే ఆగి, మళ్లీ టోనీ కబుర్లలోకి వెళ్లిపోతుంది.

నా అభ్యంతరమంతా అక్కడే మొదలవుతుంది. షర్లీని మనం ఆద్యంతం టోనీ కళ్లతోనే చూస్తాం. స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో ఒకరు టోనీ కుమారుడు నిక్ వల్లెలాంగా కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. షర్లీ బంధువులు కొందరు ఈ చిత్రణపై బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు కూడా. ఇంట్లో పనికి వచ్చిన నల్లజాతి వారు తాగిన గ్లాసులను చెత్తబుట్టలో పడేసిన మనిషిగా టోనీ చిత్రం మొదట్లో మనకు పరిచయమవుతాడు. ఆ మనసు ఏ క్షణంలో, ఏ నొప్పితో మారిందో చూపించవలసిన చోట చిత్రం వేయించిన కోడి ముక్కలు, ఉత్తరాలు, చలోక్తులతో సరిపెట్టింది. నల్లజాతి ప్రయాణికులకు బస ఎక్కడ దొరుకుతుందో తెలిపేందుకు విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి వెలువరించిన పుస్తకం పేరును తీసుకున్న చిత్రంలో, ఆ పుస్తకం అవసరమైన వాళ్ల భయం మీద నిలిచే దృశ్యాలు బహు తక్కువ. చివరికి క్రిస్మస్ ముందు రాత్రి అలసిపోయిన టోనీని వెనుక పడుకోబెట్టి, యజమానే స్టీరింగ్ పట్టుకుని ఇంటికి చేరుస్తాడు, ఆ పైన విందుకూ వస్తాడు. జీతం సంగతి అక్కడ పూర్తిగా కరిగిపోతుంది. చూస్తున్నంతసేపు హాయిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. అయితే ఆ హాయి చిత్రం కష్టపడి సంపాదించుకున్నది కాదు.

‘రోమా’లో దర్శకుడు ఆల్ఫోన్సో క్వారోన్ అటువంటి ఊరట ఎక్కడా ఇవ్వడు. 1970–71 నాటి మెక్సికో నగరంలో, కొలోనియా రోమా ప్రాంతంలోని ఒక డాక్టరు గారి ఇల్లు అది. క్లియో ఆ ఇంటి పనిమనిషి; తన చిన్నతనంలో తనను పెంచిన లీబో అనే మహిళను తలచుకుని క్వారోన్ ఈ పాత్రను మలిచాడు, చిత్రాన్ని ఆమెకే అంకితమిచ్చాడు. క్లియోగా నటించిన యలిట్జా అపారిసియోకు ఇది మొదటి చిత్రం. చిత్రం మొదట్లోనే ఒక సాయంత్రం కుటుంబమంతా టీవీ చూస్తూ ఉంటుంది. చుట్టుపక్కల సర్దుతున్న క్లియో సోఫా పక్కన నేల మీద కూర్చుంటుంది, పిల్లవాడు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేస్తాడు, ఆమె కూడా అందరితో కలిసి నవ్వుతుంది. ఇంతలో డాక్టరు గారికి టీ తెచ్చిపెట్టమని ఇల్లాలు సోఫియా చెబుతుంది. క్లియో లేచి వెళ్తుంది. సోఫియా గొంతులో కాఠిన్యం లేదు, క్లియో ముఖంలో నొచ్చుకున్న జాడ లేదు, దృశ్యాన్ని నొక్కి చెప్పేందుకు సంగీతమూ లేదు. ఆ భుజం మీది చెయ్యి నిజం, ఆ టీ కూడా నిజం అని చిత్రం ఒకేసారి చూపించగలిగింది, రెండింటిలో దేన్నీ తగ్గించలేదు.

ఇదే చూపు ఆస్పత్రి ఘట్టంలో మరింత పదునెక్కుతుంది. గర్భవతి అయిన క్లియో, ఇంటి పెద్దావిడ తెరెసాతో కలిసి ఉయ్యాల కొనడానికి ఫర్నిచర్ దుకాణానికి వెళ్లిన రోజున, 1971 జూన్ 10న, కిటికీల కింద వీధిలో విద్యార్థుల ప్రదర్శనపై కాల్పులు మొదలవుతాయి. విద్యార్థులను తరుముతూ దుకాణంలోకి చొరబడిన వారిలో, ఆమెను గర్భవతిని చేసి వదిలేసిన ఫెర్మిన్ కూడా తుపాకీతో నిలబడి ఉంటాడు. అక్కడే ఆమెకు ఉమ్మనీరు పోతుంది. ఆస్పత్రిలో చేర్చుకునే సిబ్బంది పూర్తి పేరు, వయసు, పుట్టిన తేదీ అడుగుతుంటే, కన్నీళ్లు పెట్టుకుంటున్న తెరెసా ఆ వివరాలు చెప్పలేకపోతుంది. ఇన్నేళ్లుగా తమ ఇంట్లోనే ఉంటున్న మనిషి పూర్తి పేరు ఆమెకు తెలియదు. మన ఇళ్లలోనూ పనిమనిషిని ‘మా ఇంటి మనిషే’ అని ఎంతో మనస్ఫూర్తిగా అంటాం; ఆ అడ్మిషన్ కౌంటరు ముందు మనల్ని నిలబెడితే మనలో ఎందరం తెరెసా కంటే మెరుగ్గా జవాబు చెప్పగలమో ఆలోచించకుండా ఆ దృశ్యాన్ని దాటడం నాకు సాధ్యం కాలేదు.

ఇక సముద్రపు ఘట్టం గురించి చాలామంది రాశారు. ఈత రాని క్లియో కొట్టుకుపోతున్న పిల్లల కోసం అలల్లోకి నడుస్తుంటే, కెమెరా ఆమెకు పక్కగా, కట్ లేకుండా, ఒడ్డు నుంచి లోతుకూ లోతు నుంచి ఒడ్డుకూ సాగుతుంది. అందరూ ఆమెను చుట్టుకుని ఏడుస్తారు. అక్కడ ముగించి ఉంటే ఇదీ ‘గ్రీన్ బుక్’ కోవలోకే వచ్చేది. క్వారోన్ ముగించలేదు. ఇంటికి వచ్చీ రాగానే అరటిపండు షేక్ కావాలని పిల్లవాడు అడుగుతాడు, క్లియో బట్టల మూట ఎత్తుకుని మేడ మీదికి వెళ్తుంది. ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. అయినా ఆమె పని గంటలు దానితో తగ్గలేదు. ఆ సంవత్సరం పోటీలో ఉన్న చిత్రాలలో ఇంత నిజాన్ని ఇంత నిదానంగా చెప్పినది మరొకటి నాకు కనిపించలేదు.

‘రోమా’ మీద వచ్చిన విమర్శలన్నీ తోసిపుచ్చదగినవి కావు. క్లియో చాలా తక్కువ మాట్లాడుతుంది. తన ఊరి గురించి, తల్లి గురించి ఆమె ఏమనుకుంటున్నదో మనకు దాదాపు తెలియనే తెలియదు. ఆమె మౌనాన్ని దర్శకుడు గౌరవించాడని కొందరు, ఆమెను లోపలి నుంచి ఊహించలేకపోయాడని మరికొందరు అన్నారు. నాకు రెండవ వాదనలో కొంత బలం కనిపిస్తుంది. తోటి పనిమనిషి ఆదెలాతో మిష్టెక్ భాషలో కబుర్లు చెప్పుకుంటూ నవ్వే దృశ్యాలు ఇంకొన్ని ఉండవలసింది. అయితే ఈ లోపం రెండు చిత్రాలకూ ఉన్నదే. తాను బయటివాడినని ‘రోమా’ తన కెమెరా దూరంతోనే ఒప్పుకుంటుంది. ‘గ్రీన్ బుక్’ మాత్రం షర్లీ మనసు తనకు తెలుసన్నట్టు మాట్లాడుతుంది. ‘రోమా’ నెట్‌ఫ్లిక్స్ చిత్రం, దానికి ఇంత పెద్ద అవార్డు ఎలా ఇస్తారన్న వాదన చిత్రం గురించినది కాదు, వ్యాపారం గురించినది. దాన్ని పట్టించుకోనక్కర లేదు.

ఓటింగ్ పద్ధతి గురించి మాత్రం చెప్పుకోవాలి. మిగతా విభాగాల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం ఓటర్లు చిత్రాలను తమ ఇష్టం వచ్చిన వరుసలో పేర్చాలి. ఏ చిత్రానికీ సగానికి మించి మొదటి స్థానాలు రాకపోతే, అట్టడుగున ఉన్న చిత్రాన్ని తొలగించి, ఆ ఓట్లను వాటిలోని తరువాతి చిత్రాలకు పంచుతూ పోతారు. ఈ పద్ధతిలో కొందరు ప్రాణంగా ప్రేమించిన చిత్రం కంటే, ఎక్కువమంది రెండో మూడో స్థానంలో పెట్టుకున్న చిత్రానికి అవకాశం పెరుగుతుంది. విదేశీ భాషా విభాగంలో ఎలాగూ అవార్డు ఉందన్న ఆలోచన కూడా ‘రోమా’ను కొన్ని జాబితాల్లో కిందికి నెట్టి ఉండవచ్చు. ఓట్ల లెక్కలను ఆస్కార్ ఇచ్చే అకాడమీ బయటపెట్టదు గనుక ఇది అంచనా మాత్రమే. ఆ మరుసటి ఏడాదే, 2020 ఫిబ్రవరిలో, ఇదే పద్ధతిలో కొరియన్ చిత్రం ‘పారసైట్’ గెలిచి, ఆంగ్లేతర భాషలో ఉత్తమ చిత్రం అందుకున్న మొదటిది అయింది. అందువల్ల తప్పునంతా పద్ధతి మీదికి నెట్టలేము. 2019లో ఓటర్లు ఎంచుకోగలిగీ ఎంచుకోలేదు.

ఇంకా చూడనివారికి నా సలహా, ముందు ‘గ్రీన్ బుక్’, తరువాత ‘రోమా’ చూడమని. రెండవ దాన్ని ఫోన్‌లో చూడవద్దు. నలుపు తెలుపుల్లో తీసిన ఈ చిత్రంలో ముఖ్యమైన సంగతులు చాలాసార్లు తెర అంచుల్లో, వెనుక గదుల్లో జరుగుతుంటాయి. చిన్న తెర మీద అవి కనిపించవు. విడిగా నేపథ్య సంగీతం లేదు కాబట్టి వీధిలో అమ్ముకునేవారి కేకలు, కుక్క అరుపులు, విమానాల మోత వినిపించేలా మంచి స్పీకర్లు గానీ హెడ్‌ఫోన్లు గానీ పెట్టుకోవాలి. మొదటి అరగంట ఏమీ జరగనట్టే అనిపిస్తుంది, అప్పుడు ఆపేయకండి. ఆ ఇంటి రోజువారీ పనంతా ఎవరి చేతుల మీదుగా నడుస్తున్నదో ఆ అరగంటలోనే తెలుస్తుంది.