టస్కనీ పల్లెలో ఏడు రాత్రులు, రెండు ఇళ్లు

పెళ్లైన పదో ఏడాది మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్లాలనుకున్నాం. రోమ్‌లో రెండు రోజులు చాలనుకుని, ఆ తర్వాత వారమంతా ఇటలీలోనే టస్కనీ ప్రాంతంలోని వాల్ దోర్చా లోయలో ఉన్నాం. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతమిది. మే నెల కావడంతో కొండలన్నీ పచ్చటి గోధుమ పైరే, గట్ల వెంట ఎర్రటి పాపీ పూలు.

మొదటి మూడు రాత్రులకు కొండమీద ఒంటరిగా ఉన్న పాత రాతి ఇల్లు తీసుకున్నాం. పొయ్యి గూడు, కర్ర దూలాలు, ద్రాక్ష పందిరి, అన్నీ ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. చివరి నాలుగు కిలోమీటర్లు కంకర దారి అని మాత్రం మేం గమనించలేదు. చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఎడమవైపు స్టీరింగ్, గేర్ల కారు, దారిలో ఒక్క దీపం లేదు. "ఏవండీ, వెనక్కి వెళ్లిపోదామా?" అని రెండుసార్లు అడిగాను. యజమాని ఉండేది వేరే ఊళ్లో. తాళం డబ్బాలో పెట్టి, నంబరు పంపారంతే.

పొద్దున్నే ఓవెన్, కెటిల్ కలిపి వేయగానే కరెంటు పోయింది. ఇటలీ ఇళ్లలో మామూలుగా ఉండేది 3 కిలోవాట్ల కనెక్షనే. స్విచ్ ఎక్కడుందో చెప్పేవాళ్లు లేక రెండు గంటలు టెన్షన్ పడ్డాం. వెళ్లే రోజు శుభ్రం చేసినందుకు, హీటింగుకు, కట్టెలకు విడివిడిగా డబ్బు కట్టాం. ఒప్పందంలో రాసే ఉంది, మేమే చదవలేదు. అయినా ఆ ఇంటి కిటికీ తలుపులు తెరిచిన ఉదయం నేను మరచిపోలేను. లోయంతా మంచు నిండి, సైప్రస్ చెట్ల కొనలు మాత్రమే పైకి కనిపించాయి.

తర్వాతి నాలుగు రాత్రులు పియెన్జా అనే ఊరి దగ్గర ఒక అగ్రితురిజ్మోలో, అంటే రైతులు తమ పొలంలోనే నడిపే బసలో. అక్కడి చట్టం ప్రకారం నిజంగా సేద్యం చేసే రైతులే ఇలాంటి బస నడపాలి. ఇంటావిడ పక్క వాటాలోనే ఉండేది. మొదటిరోజే తమ తోట ఆలివ్ నూనె, గొర్రెపాల పెకొరీనో జున్ను తెచ్చిచ్చింది. మేం మాంసం ముట్టమని చెబితే, "మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దా?" అని తనే అడిగింది. చాలామంది అడగని ప్రశ్న అది! చేత్తో పేనిన లావుపాటి పీచి పాస్తా, టమాటా వెల్లుల్లి సాస్‌తో పెట్టింది. అక్కడి రొట్టెలో ఉప్పుండదు. మా ఆయన వెంట తెచ్చుకున్న కందిపొడి నూనెలో కలిపి, రొట్టె అద్దుకుని తిన్నారు.

ఒక సాయంత్రం బాన్యో విన్యోని వెళ్లాం. ఊరి నడిబొడ్డున వేడినీటి కోనేరు. అందులో దిగనివ్వరు. గట్టున కూర్చుంటే చాలు, పొద్దు తెలియదు.

ఇద్దరే వెళ్తుంటే నేనైతే అగ్రితురిజ్మోనే తీసుకోమంటాను. ఏకాంతం ఎక్కడికీ పోదు, అవసరానికి పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. ఏ ఇల్లైనా ప్రకటనలో సీఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. జూలై, ఆగస్టుల్లో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. కారుకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకోండి. పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ (బయటి కార్లకు అనుమతి లేని ప్రాంతం) బోర్డు కనిపిస్తే కారు బయటే ఆపండి, లోపలికి వెళ్తే కెమెరా పట్టి జరిమానా ఇంటికి వస్తుంది.

బయల్దేరేటప్పుడు ఇంటావిడ, అక్టోబరు చివర్లో ఆలివ్ కాయలు కోస్తాం, రండి అంది. మా ఆయన అప్పుడే సెలవులు లెక్కపెడుతున్నారు.