క్లియర్‌ఫిల్ ఎస్ఈ బాండ్: ఫిల్లింగ్ నాలుగు కాలాలు నిలవాలంటే

కాంపోజిట్ (పంటి రంగు రెసిన్) ఫిల్లింగ్ పెట్టిన రోజు, దాన్ని పంటికి అతికించే బాండింగ్ ఏజెంట్ ఏదైనా బాగానే పట్టుకుంటుంది. కొన్నేళ్లకు అంచున గోధుమరంగు గీత పడి, చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమన్నప్పుడే దాని సత్తా తెలిసేది. మన్నికే ముఖ్యమనుకునే డాక్టర్లకు కురారే కంపెనీ తెచ్చిన క్లియర్‌ఫిల్ ఎస్ఈ బాండ్ ఇప్పటికీ మంచి ఎంపిక. ఇది రెండు సీసాల సెట్: ముందు పూసే ప్రైమర్, దాని మీద పూసే బాండ్.

ప్రైమర్‌లోనూ, బాండ్‌లోనూ ఉన్న ఎమ్‌డీపీ అనే అతుకు రసాయనానిదే అసలు బలం. పంటిలోని కాల్షియంతో కలిసి అది నీటికి తేలిగ్గా విడిపోని లవణమవుతుంది. ప్రైమర్ ఆమ్లత్వం తక్కువ కాబట్టి డెంటిన్‌లోని (ఎనామిల్ కింది పొర) కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల చుట్టూ కొంత ఖనిజం మిగిలే ఉంటుంది. అదే డెంటిన్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌తో ఎచ్ చేస్తే, అంటే పైన కొంత కరిగించి గరుకు చేస్తే, పోగులు నగ్నంగా బయటపడతాయి. రెసిన్ అందని చోట పంటిలోని ఎంజైములే వాటిని మెల్లగా తినేస్తాయి. అందుకే ఆ జెల్ డెంటిన్ మీదికి జారకూడదు.

ఎనామిల్ అంచులకు మాత్రం జెల్ కావాల్సిందే: 35 శాతానిది, 15 సెకన్లు, తర్వాత బాగా కడిగి ఆరబెట్టాలి. పల్నాడు వైపు నుంచి వచ్చే ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై మచ్చలు పడిన) పళ్లలో పైపొర యాసిడ్‌కు అంత సులువుగా లొంగదు. డ్రిల్ మొన (బర్)తో లేతగా గీరి, ఎచింగ్ సమయం పెంచాలి. ఆ తర్వాత ప్రైమర్ 20 సెకన్లు. దాన్ని కడగకూడదు, గాలితో ఆరబెట్టాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే. నీరు మిగిలితే బాండ్ సరిగా గట్టిపడదు. బాండ్‌ను పలుచగా పరిచి 10 సెకన్లు లైట్ పెట్టాలి. రెండు పళ్ల మధ్య లోతుగా తవ్విన చోట లైటు కొన దూరమవుతుంది కనుక 20 సెకన్లు ఇవ్వడం మేలు.

వానాకాలంలో, ఆరబెట్టే గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది. రోజూ ఆ నీటిని బయటికి తీసేసి, ఎయిర్ సిరంజీతో శుభ్రమైన అద్దం మీద ఊదాలి. తుంపరో, నూనె మరకో కనిపిస్తే ఏ బాండ్ వాడినా దండగే. పెరాక్సైడ్‌తో బ్లీచింగ్ చేసిన పంటికి, బాండ్ వేసేముందు రెండు వారాల వ్యవధి ఇవ్వాలి.

లోపాలూ ఉన్నాయి. ఇందులోని హేమా అనే రసాయనం నీటిని పీలుస్తుంది, మామూలు గ్లౌజుల్లోంచి దిగి చర్మానికి ఎలర్జీ తెస్తుంది. కుదురుగా కూర్చోని పిల్లల విషయంలో రెండో సీసాకు పట్టే సమయం కూడా భారమే. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల బెజవాడ ఎండలో మామూలు కొరియర్ డబ్బాలో వచ్చిన సీసాను తీసుకోవద్దు. ఐస్ ప్యాక్‌తో పంపే డీలర్ దగ్గరే కొని, గడువు తేదీ చూసుకుని, నేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి.