చలి షెల్టర్: కొన్ని చలికాలాలు వాడాక నా మాట

మైనస్ 20 డిగ్రీల్లో రోజంతా బయట పనిచేసేవాళ్లకు షెల్టర్ అంటే కాసేపు కూర్చుని, చేతులు కాచుకుని, మళ్లీ పనిలోకి దిగే చోటు. మహా అయితే పావుగంట. అక్కడ ఎవరూ కాపురం పెట్టరు. మా పనిచోట వేసిన షెల్టర్‌ను డిజైన్ చేసినవాళ్లు మాత్రం ఇల్లు కట్టినట్టు కట్టారు. ఇంటి తెలివితేటల్లో కొన్ని ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేశాయి, కొన్ని అస్సలు అక్కరకు రాలేదు.

చెక్క ఫ్రేము, గోడల్లో చెక్కనార ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా నింపే పొర), దక్షిణం వైపు మూడు పొరల గ్లాసు, నేలలోకి స్క్రూలా తిప్పి దింపిన ఉక్కు కాళ్లు. లోపల ఎనిమిది మంది కాస్త ఇరుక్కుని పడతారు. కాంక్రీటు పునాది లేదు కాబట్టి పర్యావరణానికి మంచిదని బ్రోషర్‌లో రాశారు. వాడేవాళ్లకు దక్కిన లాభం వేరే ఉంది. నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బితే పైపైన వేసిన పునాదులు లేచిపోతాయి, గది ఓ పక్కకు ఒరుగుతుంది, తలుపులు పట్టేస్తాయి. ఈ కాళ్లు నేల గడ్డకట్టే లోతును దాటి దిగాయి కాబట్టి మా తలుపు ఇప్పటికీ వేలితో తోస్తే కదులుతుంది. గది ఎత్తులో ఉండటంతో గాలి కిందనుంచి దూసుకెళ్లి మంచును తనే ఊడ్చేస్తుంది. అంటార్కిటికాలో బ్రిటన్ వాళ్ల హాలీ 6 పరిశోధన కేంద్రం కాళ్ల మీద నిలబడిందీ మంచు గొడవతోనే. అక్కడ మంచు పేరుకునేకొద్దీ కేంద్రాన్ని హైడ్రాలిక్ కాళ్లతో పైకి ఎత్తుకుంటారు.

కాకపోతే కింద గాలి ఆడుతోందంటే కింద నుంచి కూడా చలే. గోడలకు దండిగా ఇన్సులేషన్ పెట్టినవాళ్లు నేల దగ్గర చెయ్యి బిగించారు. ఒంటి పైభాగం బాగానే ఉంటుంది, బూట్లలో వేళ్లు మాత్రం జివ్వుమంటూనే ఉంటాయి.

అసలు మెచ్చుకోవాల్సింది గాలిని ఆపిన తీరు. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే చర్మానికి అది మైనస్ 33తో సమానం. అంటే గాలిని ఆపితే చాలు, హీటర్ ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది. తలుపును గాలికి ఎదురుగానూ పెట్టలేదు, వెనకవైపూ పెట్టలేదు. వెనకే కదా మరుగు అనిపిస్తుంది గానీ, గాలి మోసుకొచ్చిన మంచంతా నెమ్మదించి కుప్పపడేది అక్కడే. పక్కగోడకు పెట్టారు కాబట్టి పొద్దున్నే పార పట్టుకోవాల్సిన అవసరం చాలా అరుదు.

చలి లోపలికి రాకుండా రెండు తలుపులు, మధ్యలో చిన్న అర. ఆలోచన మంచిదే, కొలతే తక్కువైంది. ఇద్దరు వరసగా వస్తే మొదటివాడు లోపలి తలుపు తెరిచేసరికి రెండోవాడు బయటి తలుపు పట్టుకునే ఉంటాడు. మర్యాదస్తులు ఎక్కువైతే ఇంకా కష్టం, వెనకవాళ్ల కోసం తలుపు పట్టుకుని నిలబడతారు. ఆ కాసేపట్లో లోపల వెచ్చబడ్డ గాలంతా పోతుంది. ఇక గోడ ఎంత మందమైనా ఒకటే.

గ్లాసు వెనక నల్లరంగు వేసిన కాంక్రీటు గోడ ఒకటి కట్టారు. పగలు ఎండను పట్టి ఉంచుకుని రాత్రికి వదిలే ఈ ఉపాయం పాతదే. 1881లో ఎడ్వర్డ్ మోర్స్ పేటెంటు తీసుకున్నాడు. 1967లో ఫ్రాన్స్‌లోని ఒడీయోలో ఇంజనీరు ఫెలిక్స్ ట్రాంబ్, ఆర్కిటెక్టు జాక్ మిషెల్ కట్టిన ఇంటితో దీనికి పేరొచ్చింది. ఇంటికైతే భేషైన ఉపాయం. రాత్రి ఎవరూ ఉండని షెల్టర్‌కు రాత్రి వేడి దేనికి? పొద్దున మేం వచ్చేసరికి గోడ చల్లబడి ఉంటుంది. దాని పక్కన కూర్చుంటే మన ఒంటి వేడినే అది లాక్కుంటుంది. చివరికి మా వాళ్లే చెక్క పట్టీలు కొట్టి కప్పేశారు. ఆ రోజు నుంచి ఆ మూల ఖాళీగా ఉండటం మానేసింది.

పావుగంట కోసం వచ్చేవాళ్లకు గదిలో గాలిని కాయడం దండగ, మనిషిని కాయాలి. ఈ సంగతి తెలిసి చేసింది ఇక్కడ ఒక్కటే, బెంచీ. బటన్ నొక్కితే కూర్చునే పలక కింద వేడి తీగ పది నిమిషాలు పనిచేసి తనంతట తనే ఆగిపోతుంది. కూర్చున్న చోటే కరెంటు ఖర్చు, అదీ కూర్చున్నంతసేపే. సోలార్ పలకను గోడకు నిలువుగా బిగించారు. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 17 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి అదే సరైన పద్ధతి. పలక మీద మంచు నిలవదు. పైగా నేల మీది కొత్త మంచు తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, అదీ కలిసొస్తుంది.

బ్యాటరీ దగ్గరే మొదట్లో టెన్షన్ పెట్టారు. బయటి గోడకు తగిలించిన డబ్బాలో లిథియం బ్యాటరీ. ఆ రకాన్ని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే పాడైపోతుంది, అందుకని కంట్రోలర్ ఛార్జింగ్ ఆపేస్తుంది. బయట ఎండ కళ్లు చెదిరేలా కాస్తుంటే మీటరులో సున్నా. డబ్బాను లోపలికి, బెంచీ కిందికి మార్చి, అడుగున చిన్న హీటింగ్ ప్యాడ్ పెట్టించాక దారికొచ్చింది. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం బెంచీ పనిచేయదు, దీపాలతో సరిపెట్టుకోవాలి.

ఎవరూ ముందుగా చెప్పనిది తేమ గురించి. ఎనిమిది మంది ఊపిరి, మంచు కరుగుతున్న బట్టలు, అంతా ఆవిరే. అది ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుతుంది. లోపలి గోడకు బిగించిన ఉక్కు స్క్రూలు కొన్ని బయటి చెక్కదాకా వెళ్లాయి. వాటి తలల మీద తెల్లటి మంచు గుండీలు లేస్తాయి. గోడంతా పొడిగానే ఉంటుంది, స్క్రూ ఉన్నచోటల్లా ఒక్కో గుండీ. మధ్యాహ్నానికి అవి కరిగి చెక్క మీద సన్నటి చారలు పడతాయి. అల్యూమినియం గడప ఇంకా ఘోరం. వేడి చెక్కలో కంటే అల్యూమినియంలో వెయ్యి రెట్లకు పైగా సులువుగా పాకుతుంది. బయటి చలి గడప గుండా నేరుగా లోపలికి వచ్చి అంచున మంచు గట్టు కడుతుంది, లోపలి తలుపు రబ్బరు దానికి అతుక్కుపోతుంది. పైన గాలి పోయే కంత తెరిచే ఉంచాలని చెప్పినా, చలేస్తోందని ఎవరో ఒకరు మూసేస్తూనే ఉంటారు.

చిన్నదే అయినా చెప్పాల్సింది తలుపు పిడి. గ్లౌజులు తీయకుండా పట్టుకునేంత పెద్ద చెక్క పిడి పెట్టారు. పెట్టినవాడికి దండం.

ఇప్పుడు రెండో షెల్టర్ వేయిస్తున్నారు. నేల కింద ఇన్సులేషన్ పెంచమని, తలుపుల మధ్య కనీసం రెండు మీటర్లు వదలమని, గడప చెక్కతో చేయమని, కాంక్రీటు గోడ తీసేయమని మేం రాసిచ్చాం. పైకప్పు వాలు కూడా వెనక్కి తిప్పమన్నాం. ఇప్పుడది తలుపు వైపే ఉండటంతో ఎండకు కరిగిన నీళ్లు మెట్ల మీద పడి సాయంత్రానికి నున్నగా గడ్డకడుతున్నాయి. ఈ మార్పులకు ధర పెరుగుతుందని కబురొచ్చింది. గోడ తీసేసినందుకు ఎంత తగ్గుతుందని అడిగాం. ఇంకా జవాబు లేదు.